బౌలింగ్ బాల్ లేఅవుట్ మారిస్తే హుక్ మారుతుందా? ఒక బాల్ తగలేసుకున్నాక నాకు తెలిసింది

రాయగడ తమ్ముడు అడిగింది ఇదీ: ఉద్యోగం హైదరాబాద్‌లో, వారానికోసారి బౌలింగ్ (క్రికెట్ కాదు, బాల్ దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట), మొదటి సొంత బాల్ కొన్నాడు, ఇంకా రంధ్రాలు వేయించలేదు, షాపులో "లేఅవుట్ (వేళ్ళ రంధ్రాలు బాల్ మీద ఎక్కడ వేయాలన్న లెక్క) ఏం పెట్టమంటారు" అనేసరికి తెల్లమొహం వేశాడట, యూట్యూబ్‌లో చూస్తే ఒక్కొక్కడిదీ ఒక్కో పాట, అసలు లేఅవుట్‌తో హుక్‌లో, అంటే బాల్ వంపు తిరగడంలో, తేడా ఉంటుందా అన్నా అని. అన్నా అన్నావు కాబట్టి నేనూ నువ్వు అనేస్తాను.

తేడా ఉంటుంది. కానీ యూట్యూబ్‌లో చూపించినంత ఉండదు, ఆ ఉన్న కాస్త కూడా నీ చెయ్యి కొలిచి పెడితేనే.

మాది బరంపురం, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. బెంగళూరులో ఆరేళ్ళు ఉద్యోగం వెలగబెట్టినప్పుడు ఆఫీసువాళ్ళతో సరదాకి వెళ్ళి ఈ పిచ్చి తగిలించుకున్నా. ఇప్పుడు ఊరొచ్చేశా కాబట్టి ఆడాలంటే బాల్ సంచీ పట్టుకుని రైలెక్కాల్సిందే. ఒకసారి పలాసలో ఎక్కిన ఓ పెద్దాయన సంచీ జరపబోయి "ఏటి బాబూ ఇందులో, ఇనప గుండా?" అన్నాడు. 15 పౌన్లది, అంటే ఏడు కిలోలకి కాస్త తక్కువ. బయటికి తీసి చూపించాక దాని మూడు రంధ్రాలు చూసి "కొబ్బరికాయ కళ్ళలాగున్నాయే" అన్నాడు, నాకు ఆ మాట భలే నచ్చింది.

ఇక అసలు కథ. మా టీంలో ఒకడు ఉండేవాడు, వాడి బాల్ సగం లేన్ దాటేదాకా ఏమీ ఎరగనట్టు తిన్నగా పోయి, చివర్లో ఒక్కసారి మెడ తిప్పినట్టు తిరిగి పాకెట్లో (ముందు పిన్నుకీ దాని పక్కదానికీ మధ్య) పడేది. చూస్తే పిచ్చెక్కేది నాకు. అదే మోడల్ బాల్ కొన్నా, వాడి బాల్ ఫోటో తీసుకెళ్ళి షాపులో చూపించి "సరిగ్గా ఇలాగే, పిన్ ఉంగరపు వేలు రంధ్రం పైన రావాలి" అన్నా. ఈ పిన్ అంటే బాల్ మీది చిన్న రంగు చుక్క, పడగొట్టే పిన్ను కాదు. ఆ షాపువాడు నా చెయ్యి స్పాన్ (బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య దూరం) కొలిచాడు, బొటనవేలు కొలిచాడు, పీఏపీ మాత్రం అడగలేదు, నాకూ అప్పటికి ఆ మాటే తెలీదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది.

పీఏపీ అంటే పాజిటివ్ యాక్సిస్ పాయింట్. నువ్వు వదిలిన క్షణంలో బాల్ ఏ ఇరుసు మీద తిరుగుతోందో, ఆ ఇరుసు బాల్ పైకి వచ్చే చోటు. కుడిచేతివాటం వాళ్ళకి గ్రిప్ (వేళ్ళ రంధ్రాల) మధ్యనుంచి కుడివైపు ఉంటుంది. అది ఒక్కొక్కరిదీ ఒక్కోచోట. వాడిది మధ్యనుంచి 5½ అంగుళాలు, నాది తర్వాత కొలిస్తే 4 అంగుళాలే. అంటే ఇద్దరికీ పిన్ ఉంగరపు వేలు పైనే ఉన్నా, పిన్ నుంచి పీఏపీకి దూరం వాడికి 5½ దాటింది, నాకు 4½ లోపే ఆగింది. కంటికి కవల పిల్లల్లా ఉన్న రెండు బాల్స్, లేన్ మీద మాత్రం ఒకదానికొకటి చుట్టం కూడా కాదు. నాది లేన్ మీద గీసిన యారో గుర్తులు దాటీ దాటగానే తిరగడం మొదలెట్టేది, పిన్నుల దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోయేది. పాకెట్‌కే తగిలేది, ఆ సంబరం తీరకముందే 6వ పిన్ను బద్ధకంగా పక్కకి వాలి గట్టర్లో పడుకునేది, దాని వెనక 10వ పిన్ను చెక్కుచెదరకుండా నా మొహం చూసేది. ఒక్కో సాయంత్రం ఐదారు సార్లు ఇదే.

ఈ పిన్ దూరం ఎందుకంత ముఖ్యమో నాకు అర్థమయింది ఇంటికొచ్చి అమ్మ అప్పడాలు వత్తుతుంటే. నవ్వకు. బాల్ పైకి గుండ్రంగా కనిపిస్తుంది గానీ లోపల కోర్ అని బల్బు ఆకారంలోనో ఇంకేదో వంకర ఆకారంలోనో బరువైన ముద్ద ఉంటుంది. పైన కనిపించే ఆ చిన్న రంగు చుక్కే పిన్, మామూలు సిమెట్రిక్ (కోర్ చుట్టూ ఒకేలా ఉన్న) బాల్‌లో కోర్ నడినెత్తి అక్కడుందని గుర్తు. ఇప్పుడు అప్పడాల కర్రని రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పు, ఇట్టే తిరుగుతుంది. అదే కర్రని నడుమ పట్టుకుని కర్రసాము చేసినట్టు తిప్పు, బలం పెట్టాలి. పిన్ పీఏపీకి దగ్గరగా ఉంటే కోర్ మొదటి రకంగా తిరుగుతుంది, బాల్ త్వరగా రోల్‌లో పడుతుంది, అంటే జారడం మాని దొర్లుతుంది. పిన్ దూరంగా ఉంటే రెండో రకం, ఆలస్యంగా లేస్తుంది, అంటే లేటుగా తిరగడం మొదలెడుతుంది. బాల్ చుట్టుకొలత 27 అంగుళాల దగ్గర్లో ఉంటుంది కాబట్టి పీఏపీ నుంచి పిన్ ఎంత దూరం జరిపినా అందులో పావు వంతు, అంటే 6¾ దగ్గర ఆగిపోతుంది. ఆట మొత్తం 0 నుంచి 6¾ మధ్యలోనే.

ఆ రెండు చివర్లలో కోర్ నిలకడగానే తిరుగుతుంది, మేకు నడిమధ్య దిగిన బొంగరంలా. మధ్యలో, 3⅜ దగ్గర, కోర్ ఏటవాలుగా పడి మేకు వంకరగా దిగిన బొంగరంలా ఊగులాడుతుంది, దాంతో బాల్ ఇరుసు చుట్టు చుట్టుకీ కాస్త కాస్త జరుగుతూ పోతుంది. దీన్నే ఫ్లేర్ అంటారు. లేన్ మీద నూనె పూసి ఉంటుంది కదా, బాల్ తిరిగొచ్చాక దాని మీద ఆ నూనె రింగులు చూడు, ఒకదాని పక్కన ఒకటి విసనకర్ర విప్పినట్టు ఉంటే ఫ్లేర్ బాగా ఉన్నట్టు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడితే లేనట్టు. ఫ్లేర్ వల్ల లాభం ఏంటంటే ప్రతి చుట్టుకీ నూనె అంటని కొత్త చర్మం లేన్‌కి తగులుతుంది, పట్టు దొరుకుతుంది. నూనె ఎక్కువున్న లేన్ మీద అది వరం, ఆరిపోయిన లేన్ మీద శాపం. మేం వెళ్ళేది రాత్రి తొమ్మిదికి, అప్పటికి పొద్దుట్నుంచి ఆడినవాళ్ళ బాల్స్ నూనె అంతా తుడిచేసి ఉండేవి, నా బాలేమో ఫ్లేర్ ఎక్కువున్న బాల్. ఇక చూస్కో.

లేఅవుట్‌లో మిగతా రెండు అంకెలు కూడా వినిపిస్తాయి నీకు, 50 × 4½ × 40 అని మూడు చెప్తారు. ఇది డ్యూయల్ యాంగిల్ పద్ధతి, మో పినెల్ అనే అమెరికన్ డిజైనర్ తెచ్చింది, 2021లో కోవిడ్‌తో పోయాడు పాపం. మధ్యలోది నేను పైన చెప్పిన పిన్ దూరం. మొదటిది డ్రిల్లింగ్ యాంగిల్, తక్కువైతే బాల్ ముందే లేస్తుంది, ఎక్కువైతే లేటు. చివరిది వీఏఎల్ యాంగిల్, అంటే పీఏపీ మీదుగా నిలువుగా గీసిన గీతకీ, పిన్ నుంచి పీఏపీకి గీసిన గీతకీ మధ్య కోణం. ఇది తక్కువైతే పిన్ వేళ్ళ పైకి వస్తుంది, బాల్ హుక్ నుంచి రోల్‌కి టక్కున మారుతుంది, ఎక్కువైతే పిన్ కిందికి దిగి వంపు మెత్తగా వస్తుంది. మాస్ బయాస్ (కోర్ బరువు ఒక పక్కకి మొగ్గిన చోటు) గుర్తున్న అసిమెట్రిక్ బాల్‌కి మొదటి అంకె బాగా పనిచేస్తుంది, సిమెట్రిక్ బాల్‌కి దాని మాట అంతగా చెల్లదు. నీది మొదటి బాల్ అన్నావు, సిమెట్రికే అయితే దాని గురించి బుర్ర పాడుచేసుకోకు.

నా బాల్ సంగతికొస్తే, ప్లగ్ చేసి (పాత రంధ్రాలు పూడ్చి) మళ్ళీ వేయించేద్దామని ఇంకో షాపుకి పట్టుకెళ్ళా. అక్కడాయన బాల్ చేతిలోకి కూడా తీసుకోకుండా రింగులు చూసి "ముందు పది బంతులు ఆడి చూపించు" అన్నాడు. ఆడా. పీఏపీ ఉంటుందనుకున్న చోట చిన్న తెల్ల టేపు ముక్క అంటించి మళ్ళీ ఆడమన్నాడు, వెనకనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీశాడు. టేపు గుండ్రంగా చక్కర్లు కొడితే పీఏపీ అక్కడ కాదన్నమాట, వదలగానే ఉన్నచోటే చుక్కలా నిలబడితే అదే. మూడోసారికి నిలబడింది. అప్పుడు తెలిసింది నాది 4 అని. ఆయన ప్లగ్ చేయలేదు, 2000 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ బాల్ నునుపు) మీదున్న బాల్‌ని 4000 పట్టించి పైన పాలిష్ కొట్టి ఇచ్చి, నిలబడే చోటు రెండు బోర్డులు (లేన్ మీది సన్న పట్టీలు) ఎడమకి జరుగు అన్నాడు. అంతే. వదలాల్సిన దూరం వదిలి తిరగడం మొదలెట్టింది, 10వ పిన్ను గోల సగానికి సగం తగ్గింది. కొత్త రంధ్రాలకి పెట్టాల్సిన డబ్బులో పావు వంతు కూడా అవలేదు.

నాకు అనుమానం తీరక తర్వాత ఓ తిక్క పని చేశా. అదే మోడల్ సెకండ్‌హ్యాండ్‌ది దొరికితే పాత రంధ్రాలు ప్లగ్ చేయించి, ఈసారి నా పీఏపీకి కొలిచి 65 × 5 × 30 వేయించా. రెండింటికీ 3000 పట్టించి, ఒకే లేన్ మీద, పొద్దున్నే నూనె తాజాగా ఉన్నప్పుడు మార్చి మార్చి ఆడా. కొత్తది మూడు నాలుగు అడుగులు ముందుకెళ్ళి తిరిగేది, తిరిగినప్పుడు ఇంకాస్త పదునుగా. కానీ మొత్తం హుక్ చూస్తే తేడా రెండు మూడు బోర్డులే. 39 బోర్డుల లేన్‌లో రెండు మూడు. ఆ తర్వాత కొత్తదానికే 500 గ్రిట్ గరుకు ప్యాడ్ పట్టిస్తే ఏడెనిమిది బోర్డులు మారిపోయింది! ఒక్క ప్యాడ్ చేసిన పని ముందు అన్ని కోణాలు గీసి వేసిన రంధ్రాలు చిన్నబోయాయి. అలాగని లేఅవుట్ దండగ అనను, ప్యాడ్‌తో బాల్ ఎంత తిరుగుతుందో మారుతుంది గానీ ఆ తిరిగే వంపు ఆకారం నాకు లేఅవుట్‌తోనే వచ్చింది, రెండు మూడు బాల్స్ చేతిలో ఉన్నవాడికి ఆ ఆకారమే కావాలి. ఒక్కటే బాల్ ఉన్నవాడికి అంత అక్కర్లేదు.

నీకు నేను చెప్పేది, షాపుకి వెళ్ళి ముందు పీఏపీ కొలవమను, హౌస్ బాల్‌తో (ఆడేచోట అందరికీ ఇచ్చేదానితో) అయినా సరే, ఒక అంచనా వస్తుంది. నీ విడుదల ఇంకా మారుతూనే ఉంటుంది కాబట్టి ఆరు నెలల్లో అది కూడా మారొచ్చు, అందుకే ఇప్పుడు అటూ ఇటూ కాకుండా పిన్ దూరం 4 నుంచి 4½ మధ్యలో పెట్టించు, పిన్ వేళ్ళకి కాస్త పైనో పక్కనో వస్తుంది. పీఏపీ అడగని షాపైతే మర్యాదగా నమస్కారం పెట్టి బయటికొచ్చేయ్. ఆడేటప్పుడు బాల్ టక టకమని చప్పుడు చేస్తూ దొర్లితే నూనె రింగు వేలి రంధ్రం మీదుగా పోతోందని అర్థం, వెనక్కి పట్టుకెళ్ళి చూపించు. పాత వీడియోల్లో నాలుగో రంధ్రం కనిపిస్తుంది, బ్యాలెన్స్ హోల్ అని, అది అడక్కు, 2020 ఆగస్టు 1 నుంచి అమెరికా బౌలింగ్ సంస్థ యూఎస్‌బీసీ దాన్ని తీసేసింది, పట్టుకోవడానికి వాడని రంధ్రం బాల్‌లో ఉండకూడదని రూలు. రెండు చేతులతో బొటనవేలు పెట్టకుండా ఆడే స్టైల్ అయితే బొటనవేలు రంధ్రమే వద్దని ముందే చెప్పేయ్.

ఇంకొక్కటి, ఇది లేఅవుట్ కాదు గానీ దానికంటే నన్ను ఎక్కువ ఏడిపించింది. మన సముద్రం వైపు ఉక్కకి నా బొటనవేలు పొద్దున ఒక సైజు, సాయంత్రం ఒక సైజు. మొదటి బాల్‌కి చలికాలం పొద్దున్నే ఏసీ షాపులో కొలతలిచ్చా, వేసవి వచ్చేసరికి వేలు రంధ్రంలో ఇరుక్కుపోయి బాల్‌తో పాటు నేనూ ఫౌల్ లైన్ దాటి రెండడుగులు జారా, వెనక పుట్టినరోజు పార్టీ పిల్లలు చప్పట్లు కొట్టారు. నువ్వు కొలతకి సాయంత్రం వెళ్ళు, రెండు గేములు ఆడి వేలు ఉబ్బాక కొలిపించు, వదులైనప్పుడు లోపల టేపు ముక్కలు అంటించుకోవచ్చు, బిగుతైతే మాత్రం రంధ్రం అరగదీయించడం తప్ప దారి లేదు. పీఏపీ ఎంతొచ్చిందో కింద కామెంట్‌లో పెట్టు, నీ పిన్ ఎక్కడ పడుతుందో గీసి చూద్దాం.