గింజాలో సుషి బుక్ చేసే ముందు మామయ్య మాట కాస్త విను

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అన్నయ్యా, వాడు మమ్మల్ని టోక్యో గింజాలో ఏదో పెద్ద సుషి షాపుకి తీసుకెళ్తాడంట, మనిషికి ముప్ఫై వేల యెన్ అంట, అంత డబ్బు పోసి పచ్చి చేప తినడమేంటి, నువ్వైనా చెప్పు వాడికి అని. సరేలే చెప్తాలే అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదురా. నర్సాపురంలో నా సైకిల్ ముందు రాడ్ మీద కూర్చుని స్కూలుకెళ్ళిన పిల్లాడు వాళ్ళ అమ్మానాన్నల్ని గింజా కౌంటర్ ముందు కూర్చోబెడతానంటున్నాడు, నాకు గర్వంగా ఉండదా. కానీ పదకొండేళ్ళు ఆ ఊళ్ళో బతికినవాణ్ణి, అక్కడ ఏం తప్పు చేస్తే ఏమవుతుందో తెలిసినవాణ్ణి, అందుకే భయం కూడా వేసింది. పొద్దున్నే లేచి ఇదంతా టైప్ చేస్తున్నా, పొడుగైపోయిందని మధ్యలో వదిలెయ్యకు.

ముందు తేదీ. నవంబర్ నెలాఖరు అన్నావంట. ఒరేయ్ నీకు కార్తీకమాసం గుర్తులేదా, మీ అమ్మ ఆ నెలంతా నీసు ముట్టదు కదరా, నువ్వు అంత ఖర్చు పెట్టావని మొహమాటానికి కూర్చుంటుంది, ఒక్క ముక్క తినదు, తినలేదని నువ్వు బాధపడతావు, నువ్వు బాధపడ్డావని తను ఏడుస్తుంది. క్యాలెండర్ చూసుకుని పోలి పాడ్యమి దాటాక పెట్టుకో. డిసెంబర్‌లో ఆఫీసుల పార్టీల సీజన్ కాబట్టి సీట్లు దొరకడం కష్టం, అందుకే ఇప్పుడే మొదలుపెట్టు. ఆదివారం వద్దు, తొయోసు చేపల మార్కెట్ ఆదివారం సెలవు, చాలా మంచి షాపులు ఆ రోజు మూసేస్తాయి. బుధవారాల్లో కూడా కొన్ని మార్కెట్ సెలవులుంటాయి, చూసుకో. నేనున్నప్పుడు సుకీజీ ఉండేది, 2018లో దాన్నే తొయోసుకి మార్చారు.

ఇక ఏ షాపు అని. నువ్వు హోటళ్ళకి మిషెలిన్ గైడ్ ఇచ్చే స్టార్లు చూసి వెతుకుతున్నావని నాకు తెలుసు, వయసు అలాంటిది. సుషి చేసే జిరో పేరు అందరికీ తెలుసు, ఆయన షాపు గింజా స్టేషన్ దగ్గర బేస్‌మెంట్‌లో పది సీట్ల కౌంటర్, 2014లో ఒబామాని అక్కడికే తీసుకెళ్ళారు. మామూలు జనానికి బుకింగ్ ఇవ్వరని 2019లో మిషెలిన్ వాళ్ళు ఆ షాపుని తమ గైడ్‌లోంచి తీసేశారు. అక్కడ ఇరవై ముక్కలు దాదాపు అరగంటలో అయిపోతాయి, అది వాళ్ళ పద్ధతి, గొప్ప పద్ధతే. కానీ ఒక్కో ముద్దనీ తిప్పి తిప్పి చూసి ఇదేం చేపరా, దీనికి ముళ్ళుంటాయా అని అడిగే మీ నాన్నకి అరగంటలో ఏం సరిపోతుంది చెప్పు. మొదటిసారి తినే పెద్దవాళ్ళకి మాట్లాడే తాయిషో కావాలి, అంటే కౌంటర్ వెనక సుషి చేసే పెద్ద, కంగారు పెట్టని చోటు కావాలి. 1935లో మొదలైన క్యూబే లాంటి పాత షాపు చూడు, అంతస్తులకి అంతస్తులు కౌంటర్లు, విదేశీయులు వాళ్ళకి కొత్త కాదు. అన్నం చుట్టూ నోరీ అనే సముద్రపు నాచు రేకు కట్టి పైన చేపగుడ్లు పెట్టే గుంకన్ ఉంది చూడు, దాన్ని కనిపెట్టింది ఆ షాపులోనే అంటారు. అక్కడికే వెళ్ళమని కాదు, అలాంటి షాపు అని. డిన్నర్ బదులు లంచ్‌కి వెళ్ళు, చాలా చోట్ల అదే చెయ్యి, అదే చేప, ముక్కలు కాస్త తక్కువ, డబ్బు బాగా తక్కువ. మీ నాన్నకి షుగర్ ఉంది, రాత్రి ఎనిమిదింటికి అంత అన్నం ఎందుకు కూడా.

షాపు మంచిదా కాదా నాకెలా తెలుస్తుంది మామయ్యా అంటావేమో. కొహాదా ఎలా ఉందని ఎవరు రాశారో వెతికి చదువు. చిన్న చేప, వెండిలా మెరుస్తుంది, చూడ్డానికి మన కవళ్ళలా ఉంటుంది, ఖరీదైంది కాదు. దాన్ని ఉప్పులో ఎంతసేపు, వెనిగర్‌లో ఎంతసేపు ఉంచాలో ఆ రోజు చేప సైజు, కొవ్వు చూసి తేల్చుకోవాలి, పనివాడి చెయ్యి అక్కడే బయటపడుతుంది. ట్యూనా డబ్బుంటే ఎవరైనా కొనొచ్చు. మీ అమ్మ పచ్చి చేప పచ్చి చేప అంటోంది కానీ ఎదోమాయె, అంటే పాత టోక్యో పద్ధతి సుషిలో సగం పచ్చిది కాదురా, కొన్ని వెనిగర్‌లో నానేవి, కొన్ని సోయాలో ఊరేవి, పాములా పొడుగ్గా ఉండే అనాగో చేప అయితే మెత్తగా ఉడికించేది. ఐస్ లేని రోజుల్లో చేప చెడిపోకుండా చేసుకున్న ఏర్పాట్లు ఇవన్నీ. మీ అమ్మమ్మ చేపల పులుసు ఏ రోజు తిన్నాం మనం, వండిన రోజా మర్నాడా? మట్టి దాకలో రాత్రంతా ఊరితే గానీ చింతపండు లోపలికి దిగదని వండిన పూట మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. పుస్తెలమ్మైనా పులస తినాలి అనుకునే ఇంటి పిల్ల మీ అమ్మ, ఇది ఇలా విడమరిచి చెప్పు, తనకి నీకంటే నాకంటే బాగా అర్థమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది, రొయ్య. చిన్నప్పుడు మొగల్తూరులో ఒక పెళ్ళిలో మీ అమ్మ రొయ్యల వేపుడు తిని ఒళ్ళంతా దద్దుర్లు లేచి మొహం ఇంత లావైపోయింది, అర్ధరాత్రి రిక్షాలో నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా, దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. రొయ్య ముక్క కళ్ళకి కనిపిస్తుంది, వద్దనొచ్చు. చివర్లో ఇచ్చే గుడ్డు ఉంటుంది, తమాగో, కేక్ ముక్కలా పసుప్పచ్చగా ఉంటుంది, చాలా పాత పద్ధతి షాపుల్లో అందులో రొయ్య రుబ్బి కలుపుతారు. చూస్తే తెలీదు. గుడ్డే కదా అని మీ అమ్మ నమ్మి తినేస్తుంది. బుక్ చేసేటప్పుడే రాయి, ముందు రోజు ఫోన్ చేసి చెప్పు, కూర్చోగానే మళ్ళీ చెప్పు, ఎబి అరెరుగీ, అంటే రొయ్య ఎలర్జీ అని చెప్తే అర్థం చేసుకుంటారు. పీత సంగతి కూడా అడుగు. అప్పటికప్పుడు చెప్తే వాళ్ళ దగ్గర బదులు పెట్టడానికి ఏమీ ఉండదు, పొద్దున మార్కెట్‌లో నీ సీటుకి లెక్కేసి కొన్న చేపే ఉంటుంది.

లెక్కేసి కొన్న చేప అన్నాను కదా, ఇప్పుడొకటి చెప్తా, మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

2004లో మా ప్రాజెక్టులో నా పక్క సీట్లో ఒక పెద్దాయన ఉండేవారు. నాకు జపనీస్ నేర్పిందీ, వార్డు ఆఫీసుకి తీసుకెళ్ళి కాగితాలు నింపిందీ, మీ అత్త జ్వరంతో పడుంటే వాళ్ళావిడ చేత గంజి పంపిందీ ఆయనే. ఇండియా నుంచి మా పెద్దవాళ్ళు ముగ్గురు వస్తుంటే నేను గొప్పకి పోయి గింజాలో అసలైన సుషి తినిపిస్తా అనేశా. అప్పట్లో ఇప్పటిలా సైట్లు లేవు, ఆ షాపు ముక్కూ మొహం తెలీనివాళ్ళని రానివ్వదు, పాత కస్టమర్ ఎవరో ఒకరు చెప్పాలి. పెద్దాయన చెప్పారు. నా ముందే ఫోన్ చేసి, ఎదురుగా మనిషి ఉన్నట్టు ఫోన్‌కే తల వంచి మాట్లాడారు. ఎనిమిది సీట్ల కౌంటర్‌లో నాలుగు మావి, ఏడు గంటలకి.

ఆ రోజు మీటింగ్ ఆరున్నర దాకా సాగింది. వచ్చినవాళ్ళు అలిసిపోయారు, ఒకాయన పచ్చి చేప నా వల్ల కాదన్నాడు, ఇంకొకాయన పప్పన్నం దొరికితే చాలన్నాడు, నేను సరే సరే అంటూ వాళ్ళని మనవాళ్ళు ఎక్కువుండే నిషికసాయి తీసుకొచ్చి ఇండియన్ రెస్టారెంట్‌లో కూర్చోబెట్టా. షాపు నంబర్ నా చొక్కా జేబులోనే ఉందిరా. చెయ్యలేదు. ఫోన్‌లో జపనీస్ మాట్లాడాలంటే భయం ఒకటి, ఏం చెప్పాలో తెలీని సిగ్గు ఒకటి, ఇంకా మన దగ్గర మీల్స్ హోటల్లో అయితే మనం లేకపోతే ఇంకొకరు కూర్చుంటారు కదా, అలాగే అనుకున్నా. ఏడున్నరకి నా ఫోన్ రెండుసార్లు మోగింది. సైలెంట్‌లో పెట్టి రోటీ తుంచుకున్నా.

అక్కడ ఇంకొకరు వచ్చి కూర్చోరు. మనం కూర్చునే టైంకి గోరువెచ్చగా, ఒంటి వేడితో ఉండేలా అన్నం వండుతారు, ఆ వేడి పోతే ఆ అన్నం పనికిరాదు. సగం కౌంటర్ ఖాళీగా పెట్టుకుని ఆ తాయిషో మిగతా నలుగురికీ సుషి చేసి పెట్టి ఉంటాడు.

మర్నాడు పెద్దాయన ఎప్పటిలాగే గుడ్ మార్నింగ్ చెప్పారు. ఒక్క మాట అనలేదు, నేనూ ఎత్తలేదు, అదే నా అసలు తప్పు. మూడు నెలల తర్వాత ఒక జూనియర్ మాటల్లో చెప్పాడు, ఆ మర్నాడు మధ్యాహ్నమే ఆయన స్వీట్ బాక్స్ పట్టుకుని షాపుకి వెళ్ళి తల వంచి క్షమాపణ చెప్పి నాలుగు సీట్ల డబ్బూ తన జేబులోంచి కట్టి వచ్చారని. ఏటా పెళ్ళిరోజుకి భార్యాభర్తలిద్దరూ వెళ్ళేది ఆ షాపుకేనని. ఆ ఏడాది నుంచి వెళ్ళడం మానేశారని. షాపు వాళ్ళు రావద్దనలేదు, ఈయనకే మొహం చెల్లలేదు.

ఆదివారం పూట డబ్బు కవర్‌లో పెట్టుకుని వాళ్ళింటికెళ్ళా. తీసుకోలేదు. వాళ్ళావిడ టీ పోసింది. ఈసారి మాటలు రాకపోయినా పర్లేదు, ఫోన్ చేసి నీ పేరు చెప్పి రావట్లేదు అను, అంతే చాలు అన్నారాయన. 2010లో ఊరు వదిలేముందు ఒక సాయంత్రం ఆ బిల్డింగ్ దాకా వెళ్ళి బోర్డు మీద ఆ షాపు పేరు చూసి అట్నుంచి అటే వెనక్కొచ్చేశా. ఇంతవరకు ఆ తలుపు తియ్యలేదు.

ఇప్పుడు కార్డు నంబర్ తీసుకుంటారు, ఆ రోజు రాకపోతే చాలా చోట్ల మొత్తం కోసేస్తారు, డబ్బు పోయింది కాబట్టి లెక్క సరిపోయిందనుకుంటున్నారు మీ వయసువాళ్ళు. నువ్వు అలా అనుకోకు. నాన్నకి జ్వరమొచ్చినా, ట్రైన్ ఆగిపోయినా, పది నిమిషాలు లేటైనా ఫోన్ చెయ్యి. నంబర్ కాగితం మీద కూడా రాసి పెట్టుకో. నీ కోసం ఎవరైనా ఆఫీసులో మాట చెప్పి సీట్లు ఇప్పిస్తే తిన్న మర్నాడే వాళ్ళకి థాంక్స్ చెప్పు, మర్చిపోవద్దు.

ముందు రోజు నువ్వొక్కడివే వెళ్ళి దారి చూసుకుని రా. గింజాలో ఒక్కో బిల్డింగ్‌కి ఎనిమిది చిన్న బోర్డులుంటాయి, ఏది కిందో ఏది పైనో తెలీదు, మీ నాన్న మోకాళ్ళకి ఆ మెట్లు రెండుసార్లు ఎక్కించకు. నిషికసాయి నుంచి తోజాయ్ లైన్‌లో నిహొంబషి, అక్కడ గింజా లైన్ మారు. అరగంట ముందే చేరి నాలుగో చోమెలో, అంటే నాలుగో బ్లాకులో, వాకో స్టోర్ గడియారం దగ్గర ఫోటోలు తీసుకోండి, సరిగ్గా టైంకి లోపలికెళ్ళండి. మీ నాన్న సెంటు కొట్టుకోకుండా గడప దాటడు, ఆ ఒక్క రోజు సీసా దాచెయ్యి, చేప వాసన పక్కవాళ్ళకి తెలియాలి కదా. గాజులు కౌంటర్ చెక్కకి గీసుకోకుండా చూసుకోమను అమ్మని. చేత్తో తినొచ్చు, ఇది చెప్తే మీ నాన్న సగం భయం పోతుంది. పెట్టగానే తినెయ్యాలి, ఫోటో ఒకటి అడిగి తీసుకో చాలు. పైన సోయా రాసే ఇస్తారు, మళ్ళీ ముంచొద్దు. టిప్పు ఇవ్వకు.

డబ్బు తక్కువైతే నన్ను అడుగు, అమ్మకి చెప్పను. సీట్లు దొరగ్గానే తేదీ నాకు మెసేజ్ పెట్టు, ముందు రోజు రొయ్య సంగతి ఫోన్ చేసి చెప్పాక ఇంకోటి పెట్టు. కొహాదా మీ అమ్మకి నచ్చిందో లేదో ఆ రాత్రికే చెప్పు, ఇక్కడ ఎంత టైం అయినా పర్లేదు, మేలుకునే ఉంటా.

మీ మామయ్య