కూలిపోయిన పాత బ్యాంకు భవనం చరిత్ర తెలిసేదెలా?

ప్రశ్న: విశాఖ వన్‌టౌన్‌లో ఒకచోట 19వ శతాబ్దపు బ్యాంకు భవనం ఉండేదని పెద్దలంటారు. ఇప్పుడు అక్కడ దుకాణాలున్నాయి. అది ఏ బ్యాంకో, ఎప్పటిదో ఎలా తెలుసుకోవాలి?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బ్యాంకు పేరు పట్టుకుని కాదు, స్థలం పట్టుకుని వెతకండి. ఎందుకంటే పేర్లు మారుతూ వచ్చాయి. 1843లో మొదలైన బ్యాంక్ ఆఫ్ మద్రాస్ 1921లో కలకత్తా, బొంబాయి బ్యాంకులతో కలిసి ఇంపీరియల్ బ్యాంక్ అయింది. 1955 జూలై 1 నుంచి అదే స్టేట్ బ్యాంక్. పెద్దలు ‘ఇంపీరియల్ బ్యాంకు’ అంటే అది 1921-55 నాటి పిలుపు. కట్టడం అంతకన్నా పాతది కావచ్చు. 1843ను భవనం వయసుగా రాసేయడం మాత్రం పెద్ద పొరపాటు.

ముందు ఆ స్థలం వార్డు, బ్లాకు, టౌన్ సర్వే నంబరు సంపాదించండి. డోర్ నంబర్లు మారిపోతుంటాయి కాబట్టి వాటినే నమ్ముకోవద్దు. కంప్యూటర్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తిరగేయించాలి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండో ఇండెక్సు ఆస్తి వివరాలతో ఉంటాయి. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఫీజు కట్టి ఎవరైనా ఆ రెండూ చూడొచ్చు. దొరికిన దస్తావేజులో పాత దస్తావేజు నంబరు, సంవత్సరం ఉంటే దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్లండి.

బ్యాంకు అద్దెకున్నదైతే అమ్మకం కాగితాల్లో దాని పేరే కనపడదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అప్పుడు ఇరుగుపొరుగు ఆస్తుల దస్తావేజులు తీయించండి. వాటి హద్దుల్లో ‘తూర్పు: బ్యాంకు కాంపౌండు’ లాంటి మాట ఏ సంవత్సరంలో మొదలై ఏ సంవత్సరంలో ఆగిందో గుర్తిస్తే, బ్యాంకు అక్కడున్న కాలం ఇంచుమించుగా తేలుతుంది. ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకడం కష్టం.

విశాఖ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ పాత రికార్డులు అడగండి. అడిగేటప్పుడు ‘వైజాగపటం’ అన్న పాత పేరే చెప్పండి. ఆనాడు బ్రాంచి పెద్దను ఏజెంట్ అనేవారు, మేనేజర్ అని వెతికితే దొరకదు.

ప్రశ్న: కూల్చినప్పుడు తీసిన టేకు దూలాలు చూసి భవనం వయసు చెప్పొచ్చా?

జవాబు: కచ్చితంగా చెప్పలేం. దూలాల మీద చిన్న ఇటుకలు ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో అతికే మద్రాస్ టెర్రస్ కప్పు పద్ధతి 20వ శతాబ్దంలోనూ సాగింది. ఆ కప్పు ఎందుకు బలహీనపడిందో మాత్రం దూలాలు చెబుతాయి. గోడలో దిగిన చివర్లు చూడండి. చెమ్మ అక్కడే నిలుస్తుంది కాబట్టి మధ్యభాగం గట్టిగా ఉన్నా ముందు పుచ్చేది అవే.