లేవబుద్ధే కావడం లేదు.. నడక ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: నా వయసు 43. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. డిప్రెషన్ ఉందని ఆరు వారాల కిందట మానసిక వైద్యులు మాత్రలు మొదలుపెట్టారు. కొంత నయమే. రోజూ ఉదయం నడవమన్నారు కానీ మంచం దిగబుద్ధి కావడం లేదు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటున్నారు. వ్యాయామంతో నిజంగా ఫలితం ఉంటుందా? చేస్తే మాత్రలు మానేయవచ్చా?

జవాబు: ముందుగా, ఇది బద్ధకం కాదు. బద్ధకించిన మనిషి పని తప్పిందని హాయిగా ఉంటారు. మీరు చేయలేకపోతున్నానని కుమిలిపోతున్నారు. ఒళ్లు బరువెక్కడం, చిన్న పనికీ పూనుకోలేకపోవడం ఈ జబ్బు లక్షణాలే. ఈ నాలుగు మాటలూ మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

వ్యాయామంతో ఫలితం ఉంటుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్యులు 50 ఏళ్లు దాటిన 156 మంది డిప్రెషన్ బాధితులపై చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. 16 వారాలు గడిచేసరికి వ్యాయామం చేసినవారూ మాత్రలు వాడినవారూ దాదాపు సమానంగా కోలుకున్నారు. మాత్రల గుణం మాత్రం ముందుగా కనిపించింది. ఇంకో సంగతి. అక్కడ ఎవరూ ఒంటరిగా నడవలేదు. వారానికి మూడుసార్లు, నలుగురితో కలిసి, శిక్షకుల ఎదుట చేశారు. అందుకే మీకూ ఒక తోడు కావాలి. పక్కింటావిడో, తోటి టీచరో ‘రండి’ అని తలుపు తడితే సగం పని అయిపోయినట్టే.

ఉత్సాహం వచ్చాక నడుద్దామని ఎదురుచూడకండి. మామూలుగా ఉత్సాహం ముందు, పని తర్వాత. డిప్రెషన్‌లో ఈ వరుస తిరగబడుతుంది. ముందు కాళ్లు కదలాలి, మనసు వెనక వస్తుంది. మొదటి వారం అరగంట లెక్క పెట్టుకోవద్దు. చెప్పులు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లి రండి, చాలు. మరుసటి వారం పది నిమిషాలు. అలా పెంచుకుంటూ వారానికి 150 నిమిషాలకు చేరుకోండి. మాట్లాడగలిగేలా, పాట మాత్రం పాడలేనంత వేగంగా నడవాలి. మధ్యలో రెండు రోజులు తప్పితే మూడో రోజు మళ్లీ బయల్దేరండి. తప్పిన రోజులకు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు.

నడక ఉదయమే కావాలన్న నియమం ఏమీ లేదు. డిప్రెషన్ ఉన్న కొంతమందికి తెల్లవారుజామున మనసు మరీ బరువుగా ఉండి, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. మీరూ అంతే అయితే బడి నుంచి రాగానే, ఇంట్లో కూర్చోకముందే నడవండి. పొద్దున్నే టీ మాత్రం వెలుతురు తగిలేలా డాబా మీదో గుమ్మంలోనో తాగండి. ఆదివారమైనా సరే ఒకే వేళకు లేవండి. రాత్రి ఎప్పుడు నిద్రపట్టినా లేచే వేళ మారకపోతే నిద్ర క్రమంగా దారిలో పడుతుంది. ఆకలి లేదని టిఫిన్ మానేసి టీలతో గడపకండి.

ఇక మాత్రలు. సొంతంగా మానవద్దు. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి రావచ్చు, జబ్బూ తిరగబెట్టవచ్చు. పూర్తిగా కోలుకున్నాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడి, వైద్యుల సలహాతో మెల్లగా తగ్గించాలి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12 పరీక్షలు చేయించకపోతే ఈసారి అడగండి. వీటి లోపం వల్లా ఇలాంటి నీరసమే వస్తుంది.

ఎప్పుడైనా బతకాలని లేదన్న ఆలోచన వస్తే మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇంట్లో ఒకరికి వెంటనే చెప్పండి, మీ వైద్యులకు ఫోను చేయండి. వేళ కాని వేళ అయితే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘టెలి మానస్’ నంబరు 14416కు చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.