నాటక సమాజం మూసేసేటప్పుడు సామాన్ల కంటే ముందు చూసుకోవాల్సినవి

పాతికేళ్ళు దాటిన సమాజం, ఉన్నవాళ్ళంతా రిటైరైనవాళ్ళే, కొత్తవాళ్ళు రావట్లేదు, గొడవలు లేకుండా ఎలా ఆపాలి అని అడిగారు కదండీ. మాదీ వైజాగే. ఉక్కు ఫ్యాక్టరీ, పోర్టు ఉద్యోగులం కొందరం కలిసి పెట్టుకున్న సమాజం. ఆడవేషాలకు వచ్చే ఆర్టిస్టులకు తప్ప ఎవరికీ పైసా ఉండేది కాదు. దాన్ని మేమే మూసేశాం కాబట్టి చెబుతున్నా.

మూసెయ్యాలని కమిటీలో అనుకోగానే సామాన్ల జాబితా మీద పడతారు అందరూ. ముందు డైరీ తియ్యండి. ఏటా జాతరకో, రామనవమి పందిట్లోకో మిమ్మల్నే పిలిచే ఊళ్ళు ఉండే ఉంటాయి. వాళ్ళకి ఫోన్లో చెప్పకండి, మనిషి వెళ్ళాలి. చోడవరం వైపు ఊళ్ళకి మేం ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళాం. ఒక ఊళ్ళో పెద్దాయన మంచినీళ్ళిచ్చి, అంతా విని, "ఈ ఏటికి వచ్చీండి బాబూ, పై ఏడు మానీండి" అన్నాడు. ఆ మాటతోనే మాకు దారి దొరికింది. సంక్రాంతి నుంచి వేసవి పరిషత్తుల (నాటక పోటీల) దాకా ఇదే ఆఖరి సీజన్ అని ముందే చెప్పేసి ఆడాం. కొత్త నాటకం మాత్రం ఎత్తుకోవద్దు. నోటికొచ్చిన పాతవే ఆడండి. రిహార్సల్స్‌కి జనం కుదరకే కదా మూస్తున్నది!

సామాన్ల సంగతి. ఎవరికైనా ఇస్తామని మాటిచ్చే ముందు ప్రతిదీ విప్పి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా షెడ్డు రేకులు లేచిపోయాయి. తర్వాత తెరలు ఎండబెట్టి కర్రలకు చుట్టేశాం, బాగానే ఉన్నట్టుండేవి. మూసేటప్పుడు దర్బారు తెర విప్పితే రంగు ఒకదానికొకటి అతుక్కుపోయి, సింహాసనం మొత్తం పెచ్చులుగా రాలిపోయింది. విగ్గులు, గడ్డాలు కూడా అంతే, పైకి నల్లగా నిగనిగలాడతాయి, లోపల జాలీ చివికిపోయి ఉంటుంది. అలాంటివి కుర్రాళ్ళ సమాజానికి అంటగట్టి దానం అనుకోకూడదు. పాత స్పాట్‌లైట్లు, డిమ్మర్ బోర్డు పాత సామాన్లవాడికి పోతాయి తప్ప పెద్ద ధర రాదు, ఆశ పెట్టుకోకండి.

స్క్రిప్టులు మాత్రం జాగ్రత్త. తెర పక్కనుంచి డైలాగులు అందించే ప్రాంప్టర్ కాపీలే అసలు ఆస్తి అని నా అభిప్రాయం. ఏ డైలాగ్ దగ్గర నీలం లైటు, ఎక్కడ హార్మోనియం ఆపాలి, ఏ ఊళ్ళో ఏ మాట తీసేశాం, అంతా పెన్సిల్‌తో పక్కన రాసుకున్నవి. అచ్చు పుస్తకంలో అవి దొరకవు. ఆంధ్రా యూనివర్సిటీ రంగస్థల కళల విభాగంలోనూ, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనూ అడిగి చూడండి. ఫొటోలైతే వెనక పేర్లు, ఊరు రాసి మరీ ఇవ్వండి. ఆ మొహాలు గుర్తుపట్టేవాళ్ళు మీ తర్వాత ఉండరు.

ఇక కాగితాలు. మన వైపు పాత సొసైటీలు 1860 చట్టం కింద రిజిస్టరైనవి, 2001లో వచ్చిన రాష్ట్ర చట్టం ఇప్పుడు వాటికీ వర్తిస్తుంది. మీ బైలాలో (సొసైటీ నియమావళిలో) రద్దు గురించి ఏం రాసుందో ముందు చదవండి. సర్వసభ్య సమావేశం పెట్టి తీర్మానం రాయండి, మిగిలిన ఆస్తి ఏ సంస్థకి పోతుందో అందులోనే రాయండి. మా హార్మోనియం వాయించే ఆయనకే ఇచ్చేద్దామని అందరికీ ఉంది. కానీ సొసైటీ ఆస్తి సభ్యులు పంచుకున్నట్టు కనబడకూడదని ధర కట్టి, డబ్బు తీసుకుని, రసీదు రాశాం. ఆయన ముందు నొచ్చుకున్నాడు, తర్వాత సర్దుకున్నాడు. మీకు ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చేయించుకునే 12ఏ రిజిస్ట్రేషన్ గనక ఉంటే ఇంకో మెలిక ఉంది. రద్దయిన నెలాఖరు నుంచి 12 నెలల్లోగా అలాంటి రిజిస్ట్రేషనే ఉన్న మరో సంస్థకి ఆస్తి బదిలీ చెయ్యాలి, లేకపోతే పన్ను పడుతుంది. ఆడిటర్‌ని మొదట్లోనే కూర్చోబెట్టుకోండి.

అన్నీ ఇచ్చెయ్యండి గానీ పేరు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. "మేం నడుపుతాం, పేరివ్వండి" అని ఎవరో ఒకరు వస్తారు. ఉత్సాహం ఉన్నవాళ్ళు సొంత పేరుతో పెట్టుకుంటారు, పెట్టుకోవాలి కూడా. మీ పేరుతో రేపు ఎవరైనా చందాల పుస్తకం పట్టుకుని తిరిగితే, జనం అడిగేది మిమ్మల్నే. లెటర్‌హెడ్లు, రబ్బరు స్టాంపులు, మిగిలిన రసీదు పుస్తకాలు చివరి ఆడిట్ అవగానే నాశనం చేసి, ఆ మాట మినిట్స్‌లో రాయండి.

డబ్బు ఇచ్చే వరసలో ముందు ఆర్టిస్టులు, తర్వాత వ్యాను డ్రైవరు, మేకప్ ఆయన. సభ్యులు చేతినుంచి పెట్టుకున్నది ఏమైనా మిగిలితేనే, అదీ లెక్కల్లో బాకీగా రాసుంటేనే. బ్యాంకు ఖాతా అన్నిటికంటే చివర మూయండి. పరిషత్తుల నుంచి రావాల్సిన పారితోషికం చెక్కులు ఒక్కోసారి నెలలు ఆలస్యంగా వస్తాయి. ఆడిటర్ ఫీజు కూడా ఆ ఖాతాలోంచే కట్టాలి కదా.