బండి సందేహాలు: సెన్సర్ మార్చినా లైటు ఎందుకు ఆరలేదు?

ప్రశ్న: మాది 2016 మోడల్ పెట్రోల్ కారు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే వర్క్‌షాపులో స్కానర్ పెట్టి, పీ 0171 అనే లోపం కోడ్ చూపించి ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. నాలుగు రోజులకే లైటు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చాలంటున్నారు. సిగ్నల్ దగ్గర ఆగితే బండి కొంచెం వణుకుతోంది. ఆన్‌లైన్‌లో దొరికే బ్లూటూత్ స్కానర్ నేనే కొనుక్కోవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఇంజెక్టర్ల సంగతి ఆపించండి. పీ 0171 అంటే ఇంజిన్‌లోకి వెళ్ళే మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని. ఆక్సిజన్ సెన్సర్ పాడైందని అందులో ఎక్కడా లేదు. ఆ మాట కంప్యూటర్‌కి చెప్పిందే ఆ సెన్సర్! మీవాళ్ళు ఫిర్యాదు ఇచ్చినవాణ్ణే పట్టుకుని లోపలేశారు.

పెట్రోలు 1 వంతుకి గాలి బరువులో 14.7 వంతులు ఉండాలి. సైలెన్సర్ వైపు పోయే పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి, ఇంజెక్టర్ ఎంతసేపు తెరవాలో కంప్యూటర్ సవరించుకుంటూ ఉంటుంది. ఆ సవరింపే ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు మారేది షార్ట్ టర్మ్, అలవాటుగా గుర్తుపెట్టుకునేది లాంగ్ టర్మ్. పెట్రోలు పెంచీ పెంచీ ఇక పెంచలేనంత దూరం వెళ్ళాకే కోడ్ పడుతుంది. కోడ్ చెరిపితే చాలా బండ్లలో ఈ అలవాటు కూడా సున్నాకి వస్తుంది. మళ్ళీ అక్కడిదాకా పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. మీ నాలుగు రోజుల కథ అదే అనుకుంటాను.

స్కానర్ కొనండి. మన దగ్గర 2013 ఏప్రిల్ నుంచి కార్లకి ఓబీడీ-2 (బండి తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి మీ బండికీ స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఈఎల్‌ఎం 327 అనే చిప్పు నకళ్ళతో వచ్చే చవకరకం స్కానర్లు నిదానంగా పనిచేస్తాయి, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ జోలికి సాధారణంగా పోలేవు. ఈ పనికి చాలు. 16వ పిన్నుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, బండి వారాల తరబడి నిలిపేటప్పుడు స్కానర్ పీకేయండి.

పెట్టగానే క్లియర్ నొక్కవద్దు. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచి ఫోటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం, వేగం, ఇంజిన్ వేడి ఎంతో అందులో ఉంటాయి. క్లియర్ చేస్తే అదీ పోతుంది. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో (బండి ఆగి, ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) రెండు ట్రిమ్‌లూ కలిపి చూడండి. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుని మళ్ళీ చూడండి. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 శాతం దాకా ఉండి, 2500 దగ్గర 5 శాతానికి పడిపోతే ఎక్కడో దొంగగాలి దూరుతోందన్నమాట. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, అందుకే చిన్న చిల్లు కూడా పెద్ద వాటా అవుతుంది. అలా కాక, రోడ్డు మీద లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పెట్రోలు పంపు, ఫిల్టరు, మాఫ్ సెన్సర్ (లోపలికి వచ్చే గాలిని కొలిచేది) మురికి చూడాలి.

ఇదంతా మాఫ్ సెన్సర్ ఉన్న ఇంజిన్ల లెక్క. మ్యాప్ సెన్సర్ (గాలి ఒత్తిడిని కొలిచేది) ఉన్న బండైతే గాలి లీకు ట్రిమ్‌లో అంతగా కనపడకుండా, ఐడిల్ ఆర్‌పీఎం పెరగడంగా బయటపడవచ్చు.

మీ బండి ఆగినప్పుడే వణుకుతోంది కాబట్టి నా అనుమానం లీకు మీదే. ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్‌కి (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) పోయే మడతల రబ్బరు గొట్టం వేళ్ళతో వంచి, మడతల అడుగున చూడండి. అక్కడి పగులు మామూలుగా చూస్తే మూసుకుపోయి కనపడదు. పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి గాలి దారిలోకి పంపేది) కూడా తడమండి. రాత్రిళ్ళు బండి ఆరుబయట పెడితే ఎలుకల పని కూడా కావచ్చు! కనపడకపోతే స్మోక్ టెస్ట్ (పొగ పంపి లీకు పట్టడం) చేసే షాపుకి తీసుకెళ్ళండి.

లైటు నిలకడగా వెలుగుతున్నంతవరకు బండి నడుపుకోవచ్చు. కొట్టుకుంటూ వెలిగితే మాత్రం ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోందని (పెట్రోలు సరిగా మండడం లేదని) అర్థం, కాలని పెట్రోలు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. వెంటనే పక్కకి తీసి ఆపేయండి.