యుద్ధకాలపు దౌత్య చరిత్ర చదవాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి, మామయ్య ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆసియా దౌత్యం మీద పీహెచ్‌డీ చేయాలనుందని రాశావు. చాలా సంతోషమేసింది. మనవాళ్లలో ఆ యుద్ధమంటే హిట్లర్, హిరోషిమాలతోనే ఆగిపోయేవాళ్లు ఎక్కువ. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయని చెబితే ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. నువ్వు ఈ పని చెయ్యాల్సిందే. కానీ జపనీసో చైనీసో రాకుండా మాత్రం ఇందులోకి దిగకు.

ఇంగ్లీషు ఫైళ్లు చాలవా అని నీకు అనిపించవచ్చు. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ ఉంది, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్నాయి. అన్నీ వరసగా, నీటుగా, చదవడానికి సులువుగా ఉంటాయి. చిక్కంతా అక్కడే. ఏళ్ల తరబడి అవే చదివితే, వైస్రాయ్‌ని విమర్శిస్తూ కూడా వైస్రాయ్ అడిగిన ప్రశ్నలే అడుగుతుంటాం.

ఒక్క సంగతి తీసుకో. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కింది. మూడు రోజులకి, 18న, చైనా నాయకుడు చియాంగ్ కైషేక్ కలకత్తాలో గాంధీని కలిశాడు. ఆయన భార్య సూంగ్ మేలింగ్ దుబాసీగా కూర్చుంది. బ్రిటిష్ కాగితాల్లో కనిపించేదంతా ఒకటే టెన్షన్: చియాంగ్ గాంధీ ఉండే వార్ధా వెళ్లకూడదు, గాంధీకి అంత గౌరవం దక్కకూడదు. చర్చిల్ ససేమిరా అన్నాడు. అందుకే కలకత్తా. చియాంగ్ డైరీ చూస్తే గాంధీ విషయంలో ఆశాభంగం కనిపిస్తుంది. ఆయన బెంగ వేరు. బర్మా పోతే చైనాకి సరుకు వచ్చే దారి మూసుకుపోతుంది, ఇండియా యుద్ధంలో మనసు పెట్టకపోతే తన గతేమిటని. ఇక గాంధీ ఆ జూన్ 14న చియాంగ్‌కి రాసిన ఉత్తరం చదువు. తాను మొదలుపెట్టబోయే ఉద్యమం చైనాకి కీడు చేయడానికి కాదని ఎంత శ్రద్ధగా నచ్చజెబుతాడో! స్వతంత్ర భారతంలో ఒప్పందం మీద మిత్రరాజ్యాల సైన్యాలు ఉండవచ్చని కూడా అంటాడు. ఆగస్టులో క్విట్ ఇండియా. బ్రిటిష్ కాగితాలు, చియాంగ్ డైరీ, గాంధీ ఉత్తరం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఎవరు దేనికి భయపడ్డారో తేల్చగలిగిన రోజున నువ్వు చరిత్రకారిణివి అయినట్టు.

ఆ డైరీలు 2006 నుంచి అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ సంస్థలో చూడనిచ్చేవారు. ఫొటో తీయనిచ్చేవారు కాదు, వెళ్లినవాళ్లంతా చేత్తో రాసుకున్నదే. 2023లో అవి తైవాన్ రాజధాని తైపేకి చేరాయి.

జపాన్ సంగతి ఇంకోలా ఉంటుంది. 1945 ఆగస్టులో లొంగిపోయే ముందు ప్రభుత్వ శాఖలు కుప్పలకొద్దీ కాగితాలు తగలబెట్టాయి. మిగిలినవాటిలో చాలా భాగం ఆసియా చారిత్రక రికార్డుల కేంద్రం 2001 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతోంది. హైదరాబాద్‌లో కూర్చునే చదవవచ్చు. కానీ ఆ కాలపు ప్రభుత్వ జపనీస్ ఇప్పటి పత్రికల భాష కాదు. పాత రూపాల కంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు), మధ్యలో కతకానా అనే జపాన్ లిపి, చుక్కా కామా ఉండవు. అందుకని టైపు చేసిన టెలిగ్రాములతో మొదలుపెట్టు. చేతిరాత తర్వాత చూడవచ్చు. టోక్యోలో దొరకని టెలిగ్రాం ఒక్కోసారి అమెరికా ఆర్కైవ్స్‌లో దొరుకుతుంది. వాళ్లు జపాన్ దౌత్య సంకేత లిపిని ఛేదించి, ఎప్పటికప్పుడు ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకున్నారు మరి. హడావుడిగా చేసిన అనువాదాలవి, జపనీస్ ప్రతి మిగిలి ఉంటే దాంతో పోల్చకుండా వాడకు.

తేదీలు కూడా జాగ్రత్త. 1942 జపాన్ కాగితం మీద చక్రవర్తి పాలనా సంవత్సరం ప్రకారం షోవా 17, చైనా కాగితం మీద రిపబ్లిక్ లెక్కన మింగువో 31. పెర్ల్ హార్బర్ దాడి హవాయిలో డిసెంబర్ 7, టోక్యోలో 8. ఏ టెలిగ్రాం ఏ గడియారం ప్రకారం వెళ్లిందో నోట్సులో మొదటి రోజు నుంచే రాసుకో.

ఇక బతుకుతెరువు. మన యూనివర్సిటీల్లో తూర్పు ఆసియా చరిత్రకని పడే పోస్టులు చాలా తక్కువ. ఆధునిక భారత చరిత్ర కూడా పాఠం చెప్పగలిగేలా ఉండు. లెక్చరర్ అర్హతకి పెట్టే నెట్ పరీక్ష రాయి, అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే ఐదేళ్లు ఫెలోషిప్ ఉంటుంది. ఆ ఐదేళ్లని అక్షరాలు దిద్దుకోవడానికి ఖర్చు పెట్టకు. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కి ముందే జపనీస్ సామర్థ్య పరీక్షలో ఎన్2 స్థాయి దాకా రా. ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో నేర్పుతారు, నీకు ఊళ్లోనే ఉంది. చైనీస్ తర్వాత కలుపుకోవచ్చు. రెండూ ఒకేసారి పెట్టుకుంటే రెండూ సగంలో ఉంటాయి.

టాపిక్ అడిగావు. నా మనసులో ఎప్పటినుంచో ఉన్నది చెబుతాను. స్వతంత్రం రాకముందే, 1942లో, చైనా యుద్ధకాలపు రాజధాని చుంకింగ్‌లో భారత ప్రభుత్వానికి ఏజెంట్ జనరల్ అనే ప్రతినిధి ఉన్నాడు. మొదట జఫరుల్లా ఖాన్, తర్వాత కె.పి.ఎస్. మీనన్. మీనన్ 1944లో హిమాలయాలు, కారకోరం దాటి, చైనా పడమటి కొసన ఉన్న సింకియాంగ్ మీదుగా చుంకింగ్ చేరాడు. పై అధికారం బ్రిటిష్‌వాళ్లది, ముఖం భారతీయుడిది. అలాంటి మనిషి ఢిల్లీకి రాసిన రిపోర్టుల్లో ఎవరి తరఫున మాట్లాడాడు? ఎదుట కూర్చున్న చైనావాళ్లు ఆయన్ని ఎవరనుకున్నారు? మొదటి ప్రశ్నకి ఢిల్లీ ఫైళ్లు, రెండోదానికి తైపే ఫైళ్లు చూడాలి. ఇది తీసుకుంటే మాత్రం చైనీసే ముందు, జపనీస్ తర్వాత.

టోక్యో వైపే నీ మనసు ఉంటే జపాన్ అక్కడ పెట్టిన 1943 నవంబర్ మహా తూర్పు ఆసియా సమావేశం ఉంది. సుభాష్ బోస్ పరిశీలకుడిగా హాజరయ్యాడు, అండమాన్ నికోబార్‌ని ఆయన ఆజాద్ హింద్ ప్రభుత్వానికి అప్పగిస్తామని జపాన్ ప్రధాని తోజో ప్రకటించాడు. ఆ రోజుల్లోనే అండమాన్‌లో జపాన్ నౌకాదళం గూఢచారులన్న అనుమానంతో స్థానికులను హింసించి చంపింది. టోక్యో ప్రకటన రాసి పోర్ట్ బ్లెయిర్ సంగతి వదిలేస్తే నేను ఒప్పుకోను.

రెండింట్లో ఏదో తేల్చుకుని రెండు పేజీల్లో రాసి పంపు. ఏ ఆర్కైవ్‌లో ఏ ఫైళ్లు చూస్తావో అందులో ఉండాలి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగ్ వాళ్ల అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే వెతకవచ్చు, ముందు అది చూడు. ఉద్యోగం గురించి మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య