స్ప్రే కొట్టగానే రెక్క కరిగిపోయింది!

ప్రశ్న: ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫ్రెండ్స్ అందరం కలిసి థర్మోకోల్‌తో ఆర్‌సీ (రిమోట్‌తో ఎగిరే) విమానం చేశాం. హార్డ్‌వేర్ షాపులో కొన్న స్ప్రే డబ్బాతో ఎర్ర రంగు కొడితే రెక్క నిండా గుంటలు పడ్డాయి. పది రోజుల్లో పోటీ ఉంది. ఒకటే టెన్షన్. ఏం చేయాలి?
- ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: రంగులో లోపమేమీ లేదు. థర్మోకోల్ అంటే ఉబ్బించిన పాలీస్టైరిన్. అందులో నూటికి 98 వంతులు గాలే. స్ప్రే డబ్బాల్లో ఉండే అసిటోన్, టోలుయిన్ లాంటి ద్రావకాలు దాన్ని ఇట్టే కరిగించేస్తాయి. గాలి బయటికిపోయి గుంట మిగులుతుంది. ముందు నీళ్ల రంగు ఒక పూత వేసి, దానిమీద స్ప్రే కొడితే ఏమీ కాదని మీకు ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. ఆ పూతలో సూదిమొనంత సందున్నా చాలు. అలా విని నేనూ ఒక తోక పోగొట్టుకున్నాను.

లోతైన గుంటలుంటే ఆ ముక్క కోసేసి కొత్తది అతికించండి. చిన్నవాటికి హాబీ షాపుల్లో దొరికే తేలికపాటి ఫిల్లర్ చాలు. గోడలకు పెట్టే లప్పం మాత్రం వద్దు. బరువు సంగతి అటుంచితే, అది ఆరాక రాయిలా అవుతుంది. రుద్దుతుంటే చుట్టూ ఉన్న థర్మోకోల్ అరిగిపోయి, లప్పం దిబ్బలా పైకి తేలుతుంది. 240, ఆ తర్వాత 320 నంబరు గరుకు కాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి తేలిగ్గా రుద్దండి. ఉత్త వేళ్లతో రుద్దితే పల్లాలు పడతాయి. తడిగుడ్డతో దుమ్ము తుడిచేసి, నీటితో కలిపే పాలీయురేథేన్ వార్నిష్ రెండు పల్చటి పూతలు వేయండి. టైముంటే మొదటి పూతతోనే 25 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 25 గ్రాములు తూగే) గ్లాస్ క్లాత్, అంటే గాజు నారతో నేసిన పల్చటి గుడ్డ, పరిచి అతికించండి. రెక్క గట్టిపడుతుంది. ఆపైన నీటితో కలిపే అక్రిలిక్ రంగు.

ఎంత రంగు వేస్తున్నారన్నది అన్నిటికన్నా ముఖ్యం. వంటింటి డిజిటల్ త్రాసు మీద ముందూ వెనకా తూచుకోండి. తోక మీద 10 గ్రాముల రంగు పడిందనుకుందాం. బరువు కేంద్రం నుంచి తోక 60 సెంటీమీటర్లు, ముక్కు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, దాన్ని సరిచేయడానికి ముక్కులో 30 గ్రాములు పెట్టాలి. అంటే మొత్తం 40 గ్రాములు! అందుకే తోకకు ఒక్క పూతతో సరిపెట్టండి. తోక మీద కదిలే పలకలైన ఎలివేటర్, రడ్డర్ కీళ్ల సందుల్లోకి రంగు పోనివ్వకండి. బిగుసుకుంటే వాటిని కదిపే చిన్న మోటారు, అంటే సర్వో మీద భారం పడుతుంది.

మాస్కింగ్ టేపును ముందొకసారి చొక్కాకు అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది, థర్మోకోల్ పూసలు ఊడిరావు. రెక్క పైభాగానికి ఒక రంగు, అడుగున పూర్తిగా వేరే రంగు వేయండి. దూరంగా ఎగురుతున్నప్పుడు విమానం తిరగబడిందో లేదో మీకు తెలియాలి కదా. నలుపు వద్దు. మన ఎండలకు వేడెక్కి రెక్క వంకర తిరుగుతుంది.

ప్రశ్న: వెండి రంగు వేస్తే రిసీవర్‌కు సిగ్నల్ అందదా?
- ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: లోహపు పొడి కలిసిన రంగైతే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కొంత తగ్గొచ్చు. యాంటెన్నా ఉన్న భాగాన్ని వదిలేసి మిగతాదానికి వేసుకోండి. ఎగరేసే ముందు రేంజ్ చెక్ (సిగ్నల్ ఎంత దూరం అందుతోందో చూసుకోవడం) తప్పనిసరి. నిజానికి రంగు కన్నా అల్యూమినియం టేపు, కార్బన్ ఫైబర్‌లతోనే ఎక్కువ తంటా.

ప్రశ్న: నా విమానం 246 గ్రాములుంది. రంగు వేయొచ్చా?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల వరకే నానో, అంటే అన్నిటికన్నా తేలికైన తరగతి. రంగూ ఆ లెక్కలోకే వస్తుంది. మీరైతే పూత జోలికి పోకుండా, రెండు రంగుల పల్చటి టేపుతో రెక్క అడుగున రెండు పట్టీలు వేసి ఊరుకోండి. బ్యాటరీ కూడా పెట్టి మళ్లీ తూచండి.